కార్డు మీద పేరు

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. కానీ లిఫ్టు ఎక్కడు.

ఈ మాట చెప్పగానే ఎవరైనా, పాపం, భయం కాబోలు అంటారు. భయం గియం ఏమీ లేదు. వేరేవాళ్ళు బాగుచేసిన లిఫ్టులో పన్నెండు అంతస్తులైనా ఎక్కుతాడు. గోడకు ఆనుకుని కునుకు కూడా తీస్తాడు. ఒకసారి మా ఆడపడుచు వాళ్ళింటికి వెళ్తూ అలాగే కునుకు తీశాడు. లిఫ్టు పదకొండో అంతస్తుకు వెళ్ళి ఆయన్ని మళ్ళీ కిందికి తెచ్చేసింది. పైన తలుపు తీసుకుని నిలబడ్డ ఆవిడ, తమ్ముడు అలిగి వెళ్ళిపోయాడనుకుంది. ఆయన ఎక్కనిది తను బాగుచేసిన లిఫ్టు ఒక్కటే. చిక్కేమిటంటే ఊళ్ళో సగం లిఫ్టులు ఆయన బాగుచేసినవే. మేమున్న మేడలోది కూడా.

మాది ఐదో అంతస్తు. సరుకులు తెచ్చుకున్న రోజున సంచులూ నేనూ లిఫ్టులో వెళ్తాం, ఆయన మెట్ల మీద వస్తాడు. నేను తలుపు తీసి, పాలు ఫ్రిజ్‌లో పెట్టి, చెప్పులు సర్దేసరికి రొప్పుతూ గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు. "బాగానే వచ్చిందా?" అని అడుగుతాడు. లిఫ్టు సంగతి. మూడేళ్ళుగా ఇదే ప్రశ్న. విసుగెత్తి ఒకసారి, "లేదండీ, మధ్యలో తెగిపడింది. నేను దెయ్యాన్ని" అన్నాను. నవ్వలేదు. వెళ్ళి ఒకసారి చూసొచ్చాడు.

మనిషే అంత. కూర రుచి చూసి, "ఉప్పు సరిపోయిందా?" అని నన్నడుగుతాడు. నాలుక ఆయనది, జవాబు నేను చెప్పాలి. ఇంటికి తాళం వేసి రెండు అంతస్తులు దిగాక మళ్ళీ ఎక్కి, తాళం లాగి చూసి వస్తాడు. కొత్త చొక్కా తొడుక్కుంటే అద్దం ముందు నిలబడి, అద్దంలోకి కాకుండా నా మొహంలోకి చూస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఇదంతా నామీద గౌరవం అనుకుని మురిసిపోయాను. నేను లేనప్పుడు పక్కింటాయన్ని అడుగుతాడని తర్వాత తెలిసింది.

ఆయన పనిచేసే కంపెనీలోనే నేను ఫోన్ల దగ్గర కూర్చుంటాను. కంపెనీ అంటే రెండు గదులు, ఒక వ్యాను, యజమాని, ఇద్దరు మెకానిక్కులు, నేను. లిఫ్టు ఆగిపోయిందని ఫోనొస్తే ఎక్కడ, ఎన్నో అంతస్తు, లోపల మనుషులున్నారా అని అడిగి రాసుకోవడం నా పని. లోపలున్న మనిషే ఫోను చేస్తే, మావాళ్ళు చేరేదాకా కబుర్లు చెబుతూ ఉండాలి. అందులో నాకు నేనే సాటి. ఒకాయన తలుపులు తీశాక కూడా బయటికి రాలేదు, కథ సగంలో ఉందని.

మా కంపెనీలో ఒక నియమం ఉంది. బాగుచేసిన లిఫ్టును జనానికి వదిలేముందు ఒక మనిషి ఒంటరిగా అందులో అడుగు నుంచి పైదాకా వెళ్ళి, తిరిగి కిందికి రావాలి. వచ్చాక, లోపల అద్దం పక్కన ఉండే చిన్న చట్రంలోని కార్డు మీద తన పేరూ తేదీ రాయాలి. ఎక్కినవాడే రాయాలి, రాసినవాడిదే పూచీ. యజమాని వాళ్ళ నాన్న పెట్టిన నియమం ఇది. కార్డు లేకుండా లిఫ్టు కదిలితే యజమానికి అన్నం సహించదు.

ఆ కార్డులన్నింటి మీదా చెవిమేస్త్రీ పేరే ఉంటుంది. ఆయన మా పెద్ద మెకానిక్. ముప్పై ఏళ్ళ సర్వీసు. మా ఆయన రోజంతా మోటారు గదిలో నల్లగా మసిబారి, బ్రేకులు విప్పి బిగించి, ఉక్కు తాళ్ళు అంగుళం అంగుళం తడిమి చూసి, పని అయిందన్నాక ఈయన వస్తాడు. మోటారుకు చెవి ఆనిస్తాడు. కళ్ళు మూసుకుంటాడు. ఆ పేరు అలా వచ్చిందే. మేడలో వాళ్ళందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటే కాసేపటికి కళ్ళు తెరిచి, "ఊఁ" అంటాడు. తర్వాత దర్జాగా లిఫ్టెక్కి వెళ్ళొచ్చి పేరు రాస్తాడు. ఆ వెళ్ళొచ్చే రెండు నిమిషాలూ మా ఆయన కింద నిలబడి, తలుపు పైన వెలిగే అంకెల్ని చూస్తూ ఉంటాడు. ఆయనతో కాపురం చేస్తున్న మనిషిని కాబట్టి చెబుతున్నాను, ఆ రెండు నిమిషాలూ గాలి పీల్చడు.

నేను ఏ మేడలో లిఫ్టెక్కినా ముందు కార్డే చూస్తాను. చెవిమేస్త్రీ పేరు చూడగానే ఒళ్ళు మండుతుంది. మా ఇంటి లిఫ్టులో అయితే రోజూ రెండుసార్లు మండుతుంది.

ఇలా తొమ్మిదేళ్ళు గడిచాయి. ఈ ఏడు చెవిమేస్త్రీ మోకాళ్ళు మొరాయించాయి. మోటారు గది ఎప్పుడూ ఆఖరి అంతస్తు పైన, నిచ్చెనెక్కితే గానీ అందని చోట ఉంటుంది. ఇక నావల్ల కాదు, నెలాఖరుకు మానేస్తానని చెప్పేశాడు.

యజమాని మా ఆయన్ని పిలిచాడు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా తలూపుతూ విన్నాను.

"నీ పనికి వంక పెట్టను" అన్నాడు యజమాని. "కానీ నాకు పేరు రాసేవాడు కావాలి. ఒకటో తారీఖు తర్వాత చేతికొచ్చే మొదటి లిఫ్టుకి నువ్వెక్కి పేరు రాస్తే, నువ్వే పెద్ద మెకానిక్‌వి. రాయలేదా, బయటినుంచి ఒకతన్ని తీసుకొస్తాను. అతని కింద పనిచేస్తావు. ఆలోచించుకుని చెప్పు."

మా ఆయన ఆలోచించాడు.

"మీరేమంటారు సార్?" అన్నాడు.

ఆ బయటి మనిషి మర్నాడే ఆఫీసు చూసుకోవడానికి వచ్చాడు. వయసు ఇరవై ఆరుంటుంది. చలవ కళ్ళద్దాలు నెత్తిమీద పెట్టుకుని నా బల్ల మీద కూర్చున్నాడు. కుర్చీ ఖాళీగానే ఉంది. ఎంత పెద్ద రిపేరైనా గంటలో అవగొడతానన్నాడు. "ఎక్కేముందు బ్రేకు పరీక్ష చెయ్యరా?" అని అడిగాను. "ఎక్కితే తెలుస్తుంది కదండీ" అన్నాడు. ఆత్మవిశ్వాసం అంటే అదే అయితే అతని దగ్గర రెండు మేడలకు సరిపడా ఉంది. అతను వెళ్ళాక బల్ల తుడుచుకున్నాను. మా ఆయన ఇలాంటివాడి కింద స్పానర్లు అందిస్తాడా అనిపించి గుండె మండిపోయింది. ఆ సాయంత్రమే బస్టాండు పక్క దుకాణంలో ఒక పుస్తకం కొన్నాను. ఇరవై ఒక్క రోజుల్లో ఆత్మవిశ్వాసం వస్తుందని అట్ట మీద ఉంది. మాకున్నది పందొమ్మిది రోజులు. చివరి రెండు రోజుల పాఠాలు మొదటి రోజే చదివించేశాను.

రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, "నేను చేయగలను" అని పదిసార్లు అనాలి. మా పదేళ్ళ కూతురు పుస్తకం పట్టుకుని స్నానాల గది గుమ్మంలో కాపలా కూర్చుంది.

"నేను చేయగలను" అన్నాడు మా ఆయన అద్దంతో. ఒక్క క్షణం ఆగి, "కదా?" అన్నాడు.

"నాన్నా, పుస్తకంలో కదా లేదు."

"నేను చేయగలననే అనుకుంటున్నాను."

"అనుకుంటున్నాను కూడా లేదు నాన్నా."

మొదటి వారం మా అమ్మాయి ఆయనకు పదికి మూడు మార్కులు వేసింది. రెండో వారం నాలుగయ్యాయి. గొంతు పెరిగిందని ఒక మార్కు కలిపిందట. పదిహేనో రోజు పాఠం ప్రకారం కొత్త మనిషి ఒకరితో తన గొప్పతనం ఒకటి చెప్పుకోవాలి. పాలబూత్ దగ్గర ఎవరో ముసలాయనను ఆపి, "నేను లిఫ్టులు బాగుచేస్తానండీ" అన్నాడట. ఆయన సంతోషించి, తమ మేడలో లిఫ్టు ఆర్నెల్లుగా ఎలా సతాయిస్తోందో ముప్పావుగంట చెప్పాడు. మా ఆయన ఆ ఆదివారం ఊరికే వెళ్ళి దాన్ని బాగుచేసి వచ్చాడు. ఎక్కలేదు.

పుస్తకం అటక మీదికి వెళ్ళింది. చెవిమేస్త్రీ నెలాఖరున సంచీ సర్దుకుని ఇంటికి వెళ్ళాడు.

ఒకటో తారీఖు తర్వాత చేతికొచ్చిన మొదటి లిఫ్టు టీచరుగారిది. ఎనిమిది అంతస్తుల పాత మేడ, ఆవిడ ఎనిమిదో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ముప్పై రెండేళ్ళు బడిలో పిల్లల్ని గడగడలాడించి రిటైరైన మనిషి. కాలు విరిగి కట్టు వేయించుకుని ఇంటికి వచ్చిన నెలకు లిఫ్టు బ్రేకు పోయింది. కొత్త బ్రేకు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ పొద్దున తొమ్మిది కొట్టగానే ఆవిడ ఫోను.

"అమ్మాయ్, శుక్రవారం పదిన్నరకు నా కట్టు విప్పుతారు. లిఫ్టు సంగతేమైంది?"

"వస్తువు రావాలి టీచరుగారూ. ఈలోగా మేడలో మగవాళ్ళు కుర్చీలో మోసుకొస్తారేమో..."

"ఆస్పత్రి నుంచి వచ్చినరోజు లిఫ్టులో కరెంటు లేకపోతే మోశారు. నాలుగో అంతస్తు మలుపులో దించి మంచినీళ్ళు తాగారు. నా ఎదురుగానే నా బరువు గురించి చర్చించుకున్నారు. అందులో ఒకడు నా దగ్గర చదువుకున్నవాడే. లెక్కల్లో ఎప్పుడూ వెనకే, ఆరోజు మాత్రం సరిగ్గా కిలోలతో సహా చెప్పాడు. మళ్ళీ కుర్చీ ఎక్కను."

గురువారం వస్తువు వచ్చింది. మా ఆయన గురువారమంతా బిగించాడు. శుక్రవారం ఆరింటికే వెళ్ళాడు. ఎనిమిదిన్నరకు ఆఫీసుకు ఫోను చేశాడు.

"అయిపోయింది" అన్నాడు.

"ఎక్కండి మరి."

"ఇంకోసారి చూస్తాను."

తొమ్మిదింటికి మళ్ళీ చేశాడు. ఇంకోసారి చూశాడట, బాగానే ఉందట, ఇంకోసారి చూస్తాడట. ఖాళీ లిఫ్టును పద్నాలుగుసార్లు పైకీ కిందికీ పంపాడట. ఇసుక బస్తాలు వేసి నాలుగుసార్లు పంపాడట. తొమ్మిదింపావుకు యజమాని నా బల్ల దగ్గరికి వచ్చి, "పేరు రాశాడా?" అని అడిగాడు. రాస్తున్నాడు సార్ అన్నాను. మధ్యాహ్నంలోగా తేలకపోతే ఆ కుర్రాడికి ఫోను చేయమని నాకే చెప్పి, నంబరు నా బల్ల మీదే పెట్టి వెళ్ళాడు. ఫోన్లు చూడమని యజమానికే అప్పగించి, పరుగులాంటి నడకతో ఆ మేడకు వెళ్ళాను.

వెళ్ళేసరికి పది దాటింది. కింద హాలులో లిఫ్టు తలుపులు బార్లా తెరుచుకుని ఉన్నాయి. లోపల దీపం వెలుగుతోంది. ఎదురుగా మెట్ల మీద మా ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన, చేతికర్ర పట్టుకుని చెవిమేస్త్రీ. రెండు వీధుల అవతల ఉంటాడాయన. మా ఆయన ఫోను చేసి పిలిపించాడు.

నన్ను చూసి మా ఆయన తల దించుకున్నాడు. చేతిలో ఖాళీ కార్డు, కలం ఉన్నాయి. రెండూ మేస్త్రీ వైపు చాపి ఉన్నాయి.

"నెలాఖరు తేదీ వేసేస్తే..." అంటున్నాడు. "ఈ ఒక్కసారికి."

నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. కోపం కాదు. కోపం నాకు రోజూ వచ్చేదే, దాన్ని గుర్తుపడతాను.

మేస్త్రీ కార్డు అందుకోలేదు. "ఒరేయ్, నేనెక్కితే నువ్వు ఈ జన్మలో ఎక్కవు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "కూర్చో అమ్మా, నీకూ తెలియాలి" అన్నాడు. నేను కూర్చోలేదు.

"నా చేత్తో బిగించిన లిఫ్టు నేనూ ఎక్కలేదు" అన్నాడు మేస్త్రీ. "ముప్పై ఏళ్ళలో ఒక్కటంటే ఒక్కటి. మొదట్లో మా మేస్త్రీ ఎక్కేవాడు. ఆయన పోయాక రెండేళ్ళు ఒంటిగాణ్ణి. ఖాళీ లిఫ్టును పైకి పంపి, వెనకాలే మెట్లెక్కి వెళ్ళి, అక్కడ లోపలికి చెయ్యి పెట్టి పేరు రాసి, మళ్ళీ మెట్ల మీద దిగేవాణ్ణి. ఈ మోకాళ్ళు ఊరికే అరిగాయనుకున్నావా? తర్వాత నువ్వొచ్చావు. నీ పని నెల రోజులు చూశాను. ఆరోజు నుంచి నేను ఒక్క నట్టు బిగించలేదు. నువ్వు బిగించినవి ఎక్కడం మొదలుపెట్టాను."

మా ఆయన నోరు తెరుచుకుని వింటున్నాడు. "మరి మీరు పరీక్ష చేసేవారు కదా? మోటారుకు చెవి పెట్టి..."

"ఈ ఎడం చెవేనా?" మేస్త్రీ దాన్ని వేలితో తట్టి చూపించాడు. "ఇది పోయి పదిహేనేళ్ళయింది."

"వినబడదా?" అన్నాను నేను.

"చెప్పుకోవడానికి ఒక్క ముక్క కూడా వినబడదు."

"మరి కుడి చెవి పెట్టొచ్చుగా?"

"ఆ మోతకు ఇది కూడా పోదూ?" అన్నాడు మేస్త్రీ, నా తెలివికి జాలిపడుతున్నట్టు.

ఈ మాటలతో మా ఆయనకు కొండంత ధైర్యం వస్తుందని మేస్త్రీ అనుకున్నట్టున్నాడు, ఆశగా చూస్తున్నాడు. మా ఆయన మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది.

"అంటే తొమ్మిదేళ్ళుగా నేను చేసినవి ఎవరూ చూడలేదా?"

"ఎవరూ చూడలేదు."

"నూట నలభై లిఫ్టులు."

"ఉంటాయి."

"వాటిల్లో జనం..."

"ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఒక్కడైనా పడ్డాడా?"

మా ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "ఇప్పటిదాకా లేదు" అని లేచి నిలబడి, నా వైపు తిరిగాడు. "వ్యాను తాళాలు నీ దగ్గర ఉన్నాయా? అన్నీ ఒకసారి చూసి రావాలి. బడి పక్క మేడతో మొదలుపెడతాను."

అప్పుడు వచ్చింది నా కోపం. "ఏమండీ, ఆ ఊఁ కోసమేనా తొమ్మిదేళ్ళు ఊపిరి బిగబట్టుకున్నారు? చెవుడున్న మనిషి అన్న ఊఁ కోసం! ఆ మాటకొస్తే నేనూ అంటాను. ఊఁ. సరిపోయిందా? ఇంకోటి కావాలా? ఊఁ. మధ్యాహ్నం ఆ బల్ల మీద కూర్చునేవాడికి ఫోను చెయ్యాల్సింది నేను. నా నోటితో నేను వాణ్ణి పిలవాలి. వాడు టీచరుగారిని ఎక్కించుకుని, ఎక్కితే తెలుస్తుంది కదా అంటాడు. వాడు రాస్తాడు పేరు. రాయడానికి వాడికి అదురూ బెదురూ ఉండవు."

మా ఆయన ఏదో అనబోయాడు. పైనుంచి, మెట్ల మధ్య సందులోంచి గొంతు వినబడింది. ఎనిమిది అంతస్తులు దిగినా ఆ గొంతులో బడి గంట తగ్గలేదు.

"అబ్బాయ్! ఇక్కడ బటన్ దగ్గర దీపం వెలుగుతోంది. అయిపోయినట్టేగా? పదింపావయింది. నొక్కుతున్నాను."

నొక్కేసింది. తెరిచి ఉన్న తలుపులు మూసుకోవడం మొదలుపెట్టాయి. మా ఆయన గబుక్కున వెళ్ళి వాటి మధ్య చెయ్యి పెట్టాడు. అవి మళ్ళీ తెరుచుకున్నాయి.

లిఫ్టును ఆపేసే తాళంచెవి ఆయన మెడలోనే వేలాడుతోంది. తిప్పేస్తే చాలు, దీపాలు ఆరిపోతాయి. టీచరుగారు కట్టుతో పైనే ఉంటుంది, నేను ఆఫీసుకు వెళ్ళి ఫోను చేస్తాను. ఆయన తాళంచెవిని పట్టుకున్నాడు కూడా. దాన్ని చూశాడు. మేస్త్రీని చూశాడు. మేస్త్రీ మోకాళ్ళు నిమురుకుంటున్నాడు.

"టీచరుగారూ, ఆగండి!" అని పైకి కేకేశాడు మా ఆయన. "ఎక్కొద్దు! ముందు నేను రావాలి!"

"వస్తే రా మరి! ఎవరొద్దన్నారు?"

లోపలికి వెళ్ళాడు. రెండు కాళ్ళూ పెట్టాడు. వెనక్కి తిరిగి నిలబడ్డాడు. తలుపులు కదిలాయి. సరిగ్గా అప్పుడు నా నోట్లోంచి ఒక మాట జారిపోయింది. దాన్ని నేను ఆపలేకపోయాను.

"బాగానే బిగించారు కదా?"

"బిగించాను" అన్నాడు మా ఆయన. తలుపులు మూసుకున్నాయి.

పైన అంకెలు వెలగసాగాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఐదు దగ్గర ఆగింది.

ఆరు వెలగలేదు. నేను మేస్త్రీ వైపు చూశాను. ఆయన లేచి నిలబడ్డాడు, కర్ర కింద పడిపోయింది. ఇద్దరం ఆ ఐదునే చూస్తున్నాం. ఫోనులో ఎంతమందికి చెప్పి ఉంటాను, కంగారు పడకండి, లిఫ్టు ఆగితే పడదు, గట్టిగా ఊపిరి తీసుకోండి అని. అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు. నేనూ గాలి పీల్చడం లేదని తర్వాత తెలిసింది.

ఆరు వెలిగింది. తర్వాత ఏడు, ఎనిమిది. పైన తలుపులు తెరుచుకున్న చప్పుడు, టీచరుగారి కర్ర చప్పుడు. ఆ తర్వాత నేను పెళ్ళయ్యాక ఎన్నడూ వినని మాట ఒకటి వినబడింది.

"ఇప్పుడు కాదండీ" అంటున్నాడు మా ఆయన. "ముందు నేనొక్కణ్ణే దిగాలి. రెండు నిమిషాలు నిలబడండి."

"కాలు విరిగినదాన్నయ్యా!"

"అందుకేనండీ."

మళ్ళీ ఐదు దగ్గర ఆగి, కిందికి వచ్చాడు. తలుపులు తెరుచుకునేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుని ఉంది. మనిషి మాత్రం చిరాగ్గా, పనిలో ఉన్నవాడిలా ఉన్నాడు.

"ఐదు దగ్గర ఏమైంది?" అన్నాను.

"నేనే ఆపాను. బ్రేకు మనిషి బరువుతో ఎలా పడుతుందో చూడాలి కదా. బస్తాలు ఉంటే వేరు, అవి కదలవు. మనిషి కాలు మారుస్తాడు. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చూశాను. రెండుసార్లూ పట్టింది." మేస్త్రీ వైపు తిరిగాడు. "మీరెప్పుడూ మధ్యలో ఆపేవారు కాదు."

"నాకెక్కడ తెలుసురా అలా ఆపాలని" అన్నాడు మేస్త్రీ.

మా ఆయన కార్డును లిఫ్టు గోడకు ఆనించి పేరు రాశాడు. అక్షరాలు పెద్దగా మొదలై, చోటు చాలక చివర్లో చిన్నవైపోయాయి. తేదీ వేశాడు. శుక్రవారం తేదీనే. చట్రంలోకి తోసి, సరిగ్గా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూశాడు. మేస్త్రీ మెడ చాపి చూసి, "ఊఁ" అన్నాడు. ఈసారి ఎవరూ ఊపిరి బిగబట్టి వినలేదు.

టీచరుగారిని ఆయనే వెళ్ళి తీసుకొచ్చాడు. ఆవిడ దిగేముందు కళ్ళజోడు పెట్టుకుని కార్డు చదివింది. "రాత బాగోలేదు. చదవడానికి వస్తోంది, చాలు" అంది. పదిన్నరకు అయిదు నిమిషాలు ఆలస్యంగా ఆస్పత్రికి చేరిందని, ఆ అయిదు నిమిషాలూ మా కంపెనీ ఖాతాలోవేనని సోమవారం తొమ్మిదింటికి ఫోను చేసి మరీ చెప్పింది.

ఆఫీసులో యజమాని మూడు ఫోన్లు రెండు చెవుల దగ్గర పెట్టుకుని అవస్థపడుతున్నాడు. పేరు రాశాడని చెప్పాను. "అనుకున్నాను" అన్నాడు. ఏమీ అనుకోలేదని నాకు తెలుసు. ఆ నంబరు కాగితం చింపి చెత్తబుట్టలో వేశాను. ఆ కుర్రాడు తర్వాత వేరే కంపెనీలో చేరాడు. వాళ్ళు చూసే మేడలేవో కనుక్కుని పెట్టుకున్నాను. అక్కడ పనిబడితే మెట్ల మీద వెళ్తాను.

మా ఆయన పూర్తిగా మారిపోయాడని చెబితే అబద్ధం. తాళం ఇప్పటికీ లాగి చూస్తాడు. కూర మాత్రం మొన్న రుచి చూసి, "ఉప్పు తక్కువైంది" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన నోట అలాంటి మాట కోసం ఎదురుచూసినదాన్ని. ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. ఒక్కో ఆదివారం వ్యాను తీసుకుని పాత లిఫ్టులు చూసి వస్తున్నాడు. చూసి, ఎక్కి, ఐదు దగ్గర ఆపి, చెవిమేస్త్రీ కార్డు తీసేసి తన కార్డు పెట్టి వస్తున్నాడు.

పోయిన ఆదివారం మా మేడ వంతు వచ్చింది. నేను సరుకుల సంచులతో వచ్చేసరికి పని ముగించి, పేరు రాసి, లిఫ్టులో నిలబడి నాకోసం తలుపు పట్టుకుని ఉన్నాడు. సంచులూ నేనూ ఎక్కాం. ఇద్దరం కలిసి మా లిఫ్టు ఎక్కడం అదే మొదలు. అద్దం పక్కన, నేను ఇన్నేళ్ళూ చూడాలనుకున్న పేరు కొత్త కార్డు మీద నల్లగా ఉంది. చదువుకున్నాను. మళ్ళీ చదువుకున్నాను.

మూడో అంతస్తు దాటగానే లిఫ్టు చిన్నగా కుదిపింది. నేను సంచి వదిలేసి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఉల్లిపాయలు లిఫ్టంతా దొర్లాయి.

"ఏమైందండీ?"

"ఏమీ కాలేదు. లిఫ్టు నడిచే పట్టాల అతుకు అది. మూడేళ్ళుగా ఉంది" అన్నాడు మా ఆయన, ఉల్లిపాయలు ఏరుతూ.

మూడేళ్ళుగా రోజుకు రెండుసార్లు నేను ఆ అతుకు మీదుగా వెళ్తున్నాను. చెవిమేస్త్రీ పేరున్నన్నాళ్ళూ నాకది ఒక్కసారి కూడా తెలియలేదు.

ఇంకా రెండు అంతస్తులు ఉన్నాయి. నేను ఆయన చెయ్యి వదిలేసి, కిందికి వంగి, ఆయనతోపాటు ఉల్లిపాయలు ఏరాను.